పట్టుబడిన అరవైయొక్కమంది

నందిగామ,
12–6–78

సౌభాగ్యవతి పుష్పవతికి,

ఉత్తరం రాసి ఏడు నెలలైందని తిట్టుకుంటూనే ఉండి ఉంటావు. తిట్టుకో. జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య గంట బస్సు ప్రయాణం. అయినా ఈ ఏడు నెలల్లో నువ్వూ రాలేదు, నేనూ రాలేదు. హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే జడగంటల జత మార్చి మార్చి పెట్టుకున్నవాళ్ళం ఇలా తయారయ్యాం.

నా సంగతి తెలిసిందే. పొద్దున కాలేజీలో చరిత్ర పాఠాలు, మిగిలిన పొద్దంతా థీసిస్. నలభై ఏళ్ళొచ్చాక డాక్టరు కావడమేమిటని మా అత్తగారు పక్కింటి వాళ్ళతో అంటున్నారు. కనీసం జ్వరానికి మందివ్వడమైనా వస్తుందా అని ఆవిడ సందేహం.

నేను రాస్తున్నది బందరు ధాన్యం గలాటా గురించి. 1877, కరువు ఏడు. వర్తకులు బియ్యం కొట్లలో దాచి ఓడలకెక్కిస్తుంటే ఒకరోజు మధ్యాహ్నం జనం కొట్ల తలుపులు బద్దలు కొట్టారు. గుర్రాల మీద పోలీసులొచ్చి తుపాకులు కాల్చారు. అరవైయొక్కమందిని పట్టుకున్నారు. పైవాళ్ళకి పంపిన రిపోర్టులో దొర వీళ్ళని ‘ఊరూ పేరూ లేని అలగా మూక’ అన్నాడు. ఆ మూక జాబితా హైదరాబాదు రికార్డుల ఆఫీసులో నాకు దొరికింది. ఒక్కొక్కరికీ పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, వయసు, వృత్తి, చదువు అని గళ్ళు గీసి మరీ రాశారు. ఊరూ పేరూ లేనివాళ్ళకి అన్ని గళ్ళెందుకో నాకు తెలియదు. లెక్క తీస్తే యాభై ఎనిమిదిమందికి ఇల్లూ వాకిలీ ఉన్నాయి. నేతపనివాళ్ళు, హమాలీలు, వడ్లు దంచే ఆడవాళ్ళు, ఒక బడిపంతులు కూడా ఉన్నాడు. అందరికంటే ఎక్కువమంది బండ్లు తోలేవాళ్ళు, ఇరవై ముగ్గురు. అందులో ఏడుగురు మీ పేటవాళ్ళే.

మీ అత్తవారిది మూడు తరాల బండితోలకం కదా. పెద్దవాళ్ళనడిగి ఈ ఏడుగురి కుటుంబాల ఆనవాళ్ళు కనుక్కుని రాయి. ఈ ఏడుగురిలో మొదటి పేరు రత్తయ్య, తండ్రి కృష్ణయ్య, వయసు ఇరవై ఎనిమిది. మిగతావి వెనకవైపు రాశాను.

అన్నయ్యగారిని అడిగానని చెప్పు.
నీ చూడామణి


జగ్గయ్యపేట,
27–6–78

చూడీ,

నీ ఉత్తరం చేరింది. మేం బాగానే ఉన్నాం. ఎండలు ఇంకా తగ్గలేదు. మా ఆయన లారీ ఇంజను పని మీద బెజవాడ చుట్టూ తిరుగుతున్నారు. లారీకి జబ్బు చేస్తే ఆయనకి అన్నం సహించదు. నాకు జబ్బు చేస్తే రెండు పూటలా తింటారు.

నువ్వడిగిన ఏడుగురి సంగతి ఇక్కడెవరికీ తెలియదు. నూరేళ్ళ కిందటి మాట ఎవరికి గుర్తుంటుంది? రత్తయ్యలంటావా, మా పేటలో వీధికి ముగ్గురున్నారు. కృష్ణయ్యలు అంతకంటే ఎక్కువ.

మా ఆయన వాళ్ళ మామ్మగారికి ఒంట్లో బాగోలేదు, రెండు రోజులు అన్నం ముట్టలేదు. వడదెబ్బేమో అనుకుంటున్నాం. ఎనభై అయిదేళ్ళు కదా.

ఇకనుంచి ఆ జాబితా విషయాలు ఇన్‌లాండు మీద రాయకు. రాయాల్సొస్తే కవరులో పెట్టి నా పేరున పంపు.

పుష్పవతి


నందిగామ,
14–7–78

పుష్పా,

పొడి పొడిగా నాలుగు ముక్కలు రాసి ఊరుకుంటే ఏమనుకోవాలి? వంద ప్రశ్నలడిగే దానివి, ఒక్కటీ అడగలేదు. అలిగావా? సరే, కవరులోనే పంపుతున్నాను.

నీకో శుభవార్త. థీసిస్ గుండెకాయ దొరికింది. పోగైన జనంలో నేతవాళ్ళే ఎక్కువని సాక్షులందరూ చెప్పారు. మరి పట్టుబడినవాళ్ళలో బండివాళ్ళు అంతమంది ఎందుకున్నారు? నాకు ఒకటే తోస్తోంది. బండివాడు నాలుగూళ్ళు తిరిగినవాడు. ఏ ఊళ్ళో ధాన్యం దాచారో, ఏ రేవుకి పోతోందో అతనికి తెలుసు. జనాన్ని నడిపించినవాళ్ళు వాళ్ళే. పోలీసులు నాయకుల్నే ఏరి పట్టుకున్నారు. అంటే మన మెట్ట ప్రాంతపు బండివాళ్ళు నూరేళ్ళ కిందటే తెల్లవాళ్ళ తుపాకులకి ఎదురు నిలిచారన్నమాట. మా గైడుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు తెలుసా. డిసెంబరులో బందరు సదస్సులో దీన్ని చదవమన్నారు. అరవైయొక్క పేర్లూ, ఊళ్ళతో సహా, సంచికలో అచ్చవుతాయి.

మీ పేటవాళ్ళు గర్వపడాల్సిన సంగతి ఇది. ఇంకోసారి అడిగి చూడు. ఒక్క కుటుంబం దొరికినా చాలు.

చూడామణి


జగ్గయ్యపేట,
2–8–78

చూడామణికి,

నీకు శుభవార్తలు ఇలా ఉంటాయన్నమాట. ఇక దాచి లాభం లేదు, చెప్పేస్తాను.

మా ఇంట్లో ఉత్తరమొస్తే వాకిట్లో అరుగు మీద కూర్చుని పైకి చదవాలి. మామ్మగారికది అలవాటు, ఎవరి ఉత్తరమైనా ఆవిడ వినాల్సిందే. నీ జూన్ ఉత్తరం కూడా అలాగే చదివాను. జడగంటల దగ్గర నవ్వింది. మీ అత్తగారి మాటకి ఇంకా నవ్వింది. రత్తయ్య, తండ్రి కృష్ణయ్య అనగానే చేతిలో వత్తి కింద పెట్టి లేచి లోపలికి వెళ్ళిపోయింది. రెండు రోజులు అన్నం ముట్టకపోవడం వడదెబ్బ వల్ల కాదు.

రత్తయ్య ఆవిడ నాన్న.

ఆయన బందరులో ధాన్యం దొంగిలించి పట్టుబడి రాజమండ్రి జైల్లో ఉండొచ్చాడని ఊరంతా చెప్పుకునేవారట. అన్నదమ్ములు పాలు పంచేసి పక్కకి పెట్టారు. ఆయన తిరిగొచ్చిన చాలా ఏళ్ళకి ఈవిడ పుట్టింది. నీళ్ళ బావి దగ్గర ‘గింజల దొంగ కూతురు’ అని పిలిచేవాళ్ళట. ఆయన పేరు మా ఇంట్లో ఒక్క పిల్లాడికీ పెట్టలేదు. ఎవరూ ఆ పేరెత్తరు. ఇవాళ్టికీ ఆవిడ కళ్ళంలో రాశి దగ్గరికి రాదు, గాదెలో చెయ్యి పెట్టదు. మనం చేటలో పోసిస్తే తప్ప బియ్యం ముట్టదు. కాపరానికొచ్చిన కొత్తలో నేను అది మడి అనుకున్నాను.

నువ్వు ఆయన్ని నాయకుణ్ణి చేస్తానంటున్నావు. నీ సదస్సులో చప్పట్లు కొడతారేమో. ఇక్కడ మాత్రం, అచ్చులో చూశాం, దొంగతనం నిజమేనటగా అంటారు. మా ఆయన దాయాదులు సరిగ్గా అలాంటి మాట కోసమే కాచుకుని ఉన్నారు. అయినా మిగతావాళ్ళ మాట నాకెందుకు. ఆవిడ బతికినన్నాళ్ళూ దాచుకున్నదాన్ని నువ్వు చివరి రోజుల్లో అచ్చేయించి చేతిలో పెట్టకు. అరవైమంది పేర్లు వేసుకో. ఒక్క పేరు తీసెయ్యి. మనం ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళమని అడుగుతున్నాను.

పుష్పవతి


నందిగామ,
11–8–78

పుష్పా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. ఆవిణ్ణి అంత బాధ పెట్టానని తెలియదు. క్షమించమని అడగడానిక్కూడా మొహం లేదు.

కానీ పేరు తీసెయ్యలేను. నూరేళ్ళ తర్వాత ఆ జాబితాని మొదటిసారి అచ్చేస్తున్నదాన్ని నేను. నాకు కావలసినవాళ్ళని ఒకర్ని తప్పిస్తే, ఇంకెవరికోసం ఇంకెవర్ని తప్పించానో ఎవరు చెప్పగలరు? మా వారికి చెబితే ఒక పేరుకి అంత రాద్ధాంతమేమిటి, అచ్చుతప్పని అనుకుంటారులే అన్నారు. ఆయనది రెవెన్యూ ఆఫీసు, అక్కడ అలా నడుస్తుందేమో.

పైగా ఆయన్ని నేను దొంగ అనడం లేదు. పోరాడినవాడంటున్నాను. ఆ తేడా మామ్మగారికి నువ్వు నచ్చజెప్పలేవా?

నువ్వు మాట్లాడటం మానేస్తే తట్టుకోలేను. అయినా పేరు తీసెయ్యలేను.

చూడామణి


జగ్గయ్యపేట,
9–9–78

చూడామణికి,

ఇక నీకు ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. నెలరోజులు ఆ మాట మీదే ఉన్నాను కూడా. ఇది మా ఆయన రాయమంటే రాస్తున్నాను, నా కోపం నా దగ్గరే ఉంది.

నీ ఉత్తరాలు బీరువాలో చీరల కింద పెట్టాను. లారీ కాగితాల కోసం వెతుకుతూ ఆయన చూసి మొత్తం చదివేశారు. నేను భయపడుతుంటే ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నీ స్నేహితురాలికి అన్ని చదువులూ వచ్చు, బండి తోలడం తప్ప అన్నారు. లారీ కొనేదాకా ఆయన మా మామగారితో పాటు పదేళ్ళు బండ్లు తోలారు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

పేట నుంచి మిరపకాయలో పత్తో వేసుకుని బందరు వెళ్తారు. సరుకు దించాక తిరుగు బేరానికి ఉప్పు ఎత్తుకోవాలి. అప్పటికి ఎడ్లు నాలుగైదు రోజులు నడిచి ఉంటాయి. అందుకని మధ్యాహ్నం కాడి దించి, ఎడ్లని విప్పి బండి చక్రానికి కట్టి మేత వేస్తారు. మనిషి అక్కడే బండి నీడన పడుకుంటాడు. సరిగ్గా అప్పుడు గలాటా జరిగితే, తుపాకులు పేలితే, జనమంతా సందుల్లో పడి పరిగెడతారు. ఎడ్లు బెదిరిపోతాయి. బండివాడు పరిగెత్తడు, ఎడ్ల దగ్గరికి పోతాడు.

“ఎడ్లనొదిలేసి పారిపోయినోడు ఊళ్ళోకి ఏ మొహం పెట్టుకొస్తాడు? మీ చూడామణిగారి జాబితాలో ఉన్నది అల్లరి చేసినోళ్ళు కాదు, పారిపోలేనోళ్ళు. ఆ వేళప్పుడు బండ్లు కట్టున్నాయా విప్పున్నాయా, అది చూడమను.”

అదీ ఆయన మాట. నిజమో కాదో నాకు తెలియదు. మామ్మగారికి ఇంకా చెప్పలేదు. ఆశపెట్టి కాదంటే ఆవిడ తట్టుకోలేదు.

పుష్పవతి


నందిగామ,
19–10–78

పుష్పా,

ముందు అన్నయ్యగారికి నా నమస్కారాలు. ఆయన వేసిన ప్రశ్న ఈ అయిదేళ్ళలో నేనూ వేయలేదు, మా గైడుగారూ వేయలేదు.

దసరా సెలవుల్లో హైదరాబాదు వెళ్ళాను. ఆ జాబితా మళ్ళీ తీయించి చూసి అక్కడే బల్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాను. ఎందుకో విను. నువ్వు తిట్టినా పడతాను.

జాబితాలో నేను రాసుకున్న ఏడు గళ్ళ తర్వాత ఇంకొకటి ఉంది. ‘పట్టుకొన్నప్పుడు వాని వద్ద దొరికినది.’ మొదటిసారి వెళ్ళినప్పుడు దాన్ని నేను ఎత్తి రాసుకోలేదు. నా థీసిస్ పట్టుబడినవాళ్ళ సామాజిక నేపథ్యం మీద కదా, కులం, వృత్తి, చదువు ఉంటే చాలనుకున్నాను. చొక్కా జేబులో ఏముందో నాకెందుకనుకున్నాను. ఎవరు ఎలాంటివాళ్ళో అయిదేళ్ళు రాస్తూ, వాళ్ళ చేతుల్లో ఏముందో చూడలేదు.

ఇప్పుడు రాసుకొచ్చాను. నేతవాళ్ళలో తొమ్మిదిమంది ఉత్తరీయాల్లో బియ్యం. దంచే ఆడవాళ్ళ ఒళ్ళో బియ్యం. ఆకలి వేళ అది తప్పని నేననను. బండివాళ్ళు ఇరవై ముగ్గురిలో ఒక్కడి దగ్గర కూడా ఒక్క గింజ లేదు. రత్తయ్య పేరుకెదురుగా ‘చర్నాకోల ఒకటి, పలుపులు రెండు’ అని ఉంది. ఎడ్లని తోలే కొరడా, కట్టేసే తాళ్ళు, అంతే. ఈ గడి నింపింది పోలీసులు, పుష్పా. గింజ దొరికితే రాయకుండా వదిలేవాళ్ళు కారు.

అంతటితో ఆగలేదు. వాళ్ళ వాంగ్మూలాల కట్ట అడిగాను. రెండు రోజులు వెతికిస్తే దొరికింది. రత్తయ్యగారిది తెలుగులోనే ఉంది. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

‘నేను జగ్గయ్యపేట కాపురస్థుణ్ణి. వ్యవసాయం, బండితోలకం చేసి జీవిస్తాను. కొట్ల తలుపులు పగులగొట్టేటప్పుడు నేను ఉప్పు కొటారు వద్ద యెడ్లకు మేత వేస్తూ వుంటిని. అందరూ పరుగెత్తగా నీవేల పరుగెత్తలేదని దొరవారు అడిగినందుకు చెప్పుకొన్నది యేమనగా, తుపాకి చప్పుడుకు వలపటి యెద్దు బెదిరి కాలు విరుచుకొనేటట్టు వున్నందున దాని ముకుతాడు పట్టుకొని నిలిచి వుంటిని. వదిలితే అది బ్రతకదు. ధాన్యం నేను ముట్టలేదు. చేవ్రాలు రానందున గీటు పెట్టినాను.’

కింద చిన్న అడ్డగీటు ఉంది. దాని మీద వేలు పెట్టకుండా ఉండలేకపోయాను.

దొర నమ్మలేదు. గుంపులో ఉన్నవాడు గుంపువాడేనని ఆరు నెలలు వేశాడు. నేను కూడా దొరలాగే గుంపులో ఉన్నవాణ్ణి గుంపువాడనుకున్నాను, కాకపోతే పొగిడాను. నాయకుల మాట తీసేసి మూడు అధ్యాయాలు మళ్ళీ రాయాలి. గైడుగారు ఈసారి కుర్చీలోంచి లేవలేదు. నాకు మాత్రం గుండెల మీంచి బరువు దింపినట్టుంది.

ఈ ఉత్తరం అరుగు మీద చదువుతావా?

చూడామణి


జగ్గయ్యపేట,
30–10–78

చూడీ,

చదివాను.

కవరు మూడు రోజులు నా దగ్గరే పెట్టుకున్నాను. చివరికి మా ఆయన కూడా ఇంట్లో ఉన్న రోజు చూసి, మామ్మగారు పొద్దున స్నానం చేసి అరుగు మీదికొచ్చాక, మీ నాన్నగారి సంగతి చూడామణి రాసింది, చదవమంటారా అని అడిగాను. మెల్లిగా కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. పలుపులు రెండు దాకా నేను చదివాను. వాంగ్మూలం మా ఆయన అందుకుని చదివారు.

అయ్యాక ఆవిడ మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివారు. ఇంకోసారి, దొర అడిగిన చోట నుంచి చదవమంది. అదీ చదివారు. అప్పుడు మా ఆయన వైపు తిరిగి అంది.

“దొర అడిగితే చెప్పాడు. మేం అడగలా.”

నాన్న పోయేనాటికి తనకి పద్నాలుగేళ్ళట. ఆయన పక్కనే కూర్చుని అన్నం తినేదట, ఎడ్లని కడగడానికి వెంట వెళ్ళేదట. ఒక్కనాడూ ఏం జరిగింది నాయనా అని అడగలేదట. అడిగితే దొంగిలించానంటాడేమోనని భయం. వాళ్ళమ్మా అడగలేదు, బాబాయిలూ అడగలేదు. అందరికీ తెలుసనే అనుకున్నారు. ఆయన కూడా వీళ్ళు అడగటం లేదంటే నమ్మేశారని ఊరుకున్నాడేమో. ఆ మాట చెప్పి ఆవిడ ఏడ్చింది. నేను కాపరానికొచ్చి ఇరవై రెండేళ్ళు, ఆవిడ ఏడవడం చూడలేదు. మా ఆయన ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని ఊరుకోబెడుతుంటే, ఊరుకోను లేరా, ఇది వేరే ఏడుపు అంది.

తర్వాత ఆకలేస్తోందంది. గోంగూర పచ్చడి వేసుకుని, ఉల్లిపాయ నంజుకుని, నేను వద్దంటున్నా రెండోసారి వడ్డించుకుంది. సాయంత్రానికి కాలవగట్టు దాకా కబురు వెళ్ళిపోయింది. మా దాయాదుల ఇంటికి కర్ర పట్టుకుని తనే వెళ్ళింది. ఏం మాట్లాడిందో తెలియదు. వాళ్ళ పెద్దాయన వెనకే వచ్చి గుమ్మం దాకా దిగబెట్టి వెళ్ళాడు. నేను చూస్తుండగా ఆ ఇంటి మగవాడు మా గుమ్మంలోకి రావడం అదే మొదలు.

నా కోపం సంగతి అడుగుతావేమో. పోయింది. పేరు తీసెయ్యమని అడిగినందుకు సిగ్గుగా కూడా ఉంది. నువ్వు సరేనని ఉంటే ఆ ఉత్తరాలు అప్పుడే పొయ్యిలో వేసేదాన్ని, మా ఆయన చదివేవారు కాదు, ఈ గడి దొరికేది కాదు.

మామ్మగారు నీకో కబురు చెప్పమంది. పేరు అచ్చెయ్యమంది. ఇంకొక మాట కూడా అంది. ఆ జాబితాలో తండ్రి పేరు రాశారు కదా, అలాగే ఆయనకో కూతురుందని కూడా రాయమని. బసవమ్మ అని. తను ఉండగానే రాయమంది.

నీ పుష్ప


నందిగామ,
6–1–79

పుష్పా,

సదస్సు అయింది. బందరు వెళ్ళి చదివొచ్చాను. బండివాళ్ళ సంగతి వచ్చేసరికి హాల్లో వెనక వరసలో కూర్చున్న ఒక ముసలాయన లేచి, మా ఊళ్ళో ముగ్గురు ఇలాగే జైలుకి పోయారమ్మా, మాకూ దొంగలనే చెప్పారు, వాళ్ళ గడిలో ఏముందో చూసి పెడతారా అని అడిగాడు. అక్కడే కాగితాలు తీసి చూశాను. పలుపులే ఉన్నాయి.

సంచిక ప్రూఫులు నిన్న వచ్చాయి. జాబితాలో ముప్పై నాలుగో పేరు కింద నేను వేసిన పాదసూచిక ఎత్తి రాస్తున్నాను.

‘రత్తయ్య: జగ్గయ్యపేట. ఈయన వద్ద ధాన్యం దొరకలేదు. ఎడ్లను వదలనందున పట్టుబడెను. ఈయన కుమార్తె బసవమ్మగారు.’

పాదసూచికలో కూతురి పేరెందుకు, ఆధారం కాదు కదా అని గైడుగారు కొట్టేశారు. నేను మళ్ళీ రాశాను. మళ్ళీ కొట్టేశారు. మూడోసారి రాసినప్పుడు, ఆవిడ చదివించుకుని వినబోతున్నారండీ అని చెప్పాను. ఆయన కలం మూసి పక్కన పెట్టేశారు.

అచ్చుకి వెళ్ళేలోపు ఒక్కసారి మామ్మగారికి చదివి వినిపించు. ఏదైనా తప్పుంటే చెప్పమను. ఆవిణ్ణి అడక్కుండా వెయ్యను.

చూడామణి